వెంట్రుక అనుకున్నానురా

మల్కాజిగిరి,
ఆదివారం, మధ్యాహ్నం రెండు

ఒరేయ్ సోడాబుడ్డీ,

ముందు నాలుగు తిట్టుకో, తర్వాత చదువు. ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరానికి ఆవకాయ ఊరే వేళకి జవాబు రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టిన మాట నిజం. ఒకటి కరెంటు బిల్లు వెనక రాస్తే దాని మీద మీ వదిన పాల లెక్క వేసింది. రెండోది ఎక్కడుందో దేవుడికే తెలియాలి. సాయంత్రం మా మేనల్లుడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి విశాఖ వస్తున్నాడు. నాలుగింటికల్లా ఇల్లు కదలాలంటున్నాడు. ఈలోగా ఎంత రాస్తే అంత.

ఇంటి సంగతులు ఒక్క ఊపులో చెప్పేస్తా. నాన్న మోకాలు అలాగే ఉంది. బుజ్జిగాడు ఇంటర్ గట్టెక్కాడు, లెక్కల్లో ఎన్నొచ్చాయో మాత్రం అడగొద్దు. బోరు ఎండింది, వారానికి రెండు ట్యాంకర్లు. నా ఉద్యోగం ఉంది. అంతే. ఇక అసలు సంగతి.

పరువు పోయిందిరా. మామూలుగా కాదు, వియ్యాలవారి ముందు, నూటయాభై మంది చూస్తుండగా, చేతిలో ఫోన్‌తో సహా.

నాకు రెండేళ్లుగా ఈ వాతావరణం పిచ్చి పట్టిన సంగతి నీకు తెలుసు కదా. మిద్దె మీద వాన కొలిచే సీసా పెట్టాను, కిందటిసారి వచ్చినప్పుడు పూలకుండీ అనుకుని నువ్వు సిగరెట్ పీక వేశావు చూడు, అదే. ఫోన్‌లో పిడుగుల కోసం దామిని యాప్, బేగంపేట రాడార్ బొమ్మలు, మూడు గంటలకోసారి వచ్చే హెచ్చరికలు, అన్నీ ఉన్నాయి. కాలనీలో నా పేరు ఇప్పుడు ‘ద్రోణి సార్’. ఎదురింటి పెద్దమ్మ వడియాలు పెట్టే ముందు నన్నడిగి పెడుతుంది. నాలుగుసార్లు చెప్పింది చెప్పినట్టు జరిగేసరికి నాకూ కాస్త తలకెక్కింది, ఒప్పుకుంటాను.

పోయిన గురువారం మా బావమరిది కూతురు నిశ్చితార్థం. సైనిక్‌పురిలో వాళ్ల ఇంటి పక్క మూడువందల గజాల ఖాళీ జాగా ఉంది కదా, నీ స్కూటర్ దిగబడిన చోటు, అక్కడ షామియానా. పెళ్లికొడుకు వాళ్లు వరంగల్ నుంచి వచ్చారు. ముహూర్తం రాత్రి 7:20కి. బగారా అన్నం, దాల్చా, పచ్చిపులుసు, డబల్ కా మీఠా, ఇంకా ఏవేవో. పొద్దున్నే వంటకీ గిన్నెలకీ అయిదు వేల లీటర్ల ట్యాంకర్ తెప్పించాం. ఈ ట్యాంకర్‌ని గుర్తుపెట్టుకో.

ఆ రోజు ఎండ 41 డిగ్రీలు. మా నాన్న మామూలుగానే 1966 జూన్ 2 ఎత్తుకున్నాడు, ‘ఇదేం ఎండరా, ఆ రోజు 45.5’ అని. కానీ ఆ రోజు తేడా ఎండలో లేదు, చెమటలో ఉంది. చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది. ముందురోజు బులెటిన్‌లోనే ఉంది: విదర్భ నుంచి దక్షిణంగా ఉపరితల ద్రోణి, అంటే గాలి పీడనం తగ్గిన పొడవాటి పట్టీ, బంగాళాఖాతం నుంచి తేమ గాలి. కింద ఆ తేమ, పైన పొడి గాలి మూతలా. మధ్యాహ్నం దాకా మూత ఆగుతుంది, ఎండ ముదిరాక ఎక్కడో ఒకచోట లేచిపోతుంది. ఎక్కడ లేస్తుందన్నదే చెప్పలేని సంగతి. పాలు పొంగుతాయని తెలుసు కానీ గిన్నెలో మొదటి బుడగ ఏ మూల లేస్తుందో నువ్వు చెప్పగలవా? అందుకే వాతావరణశాఖ వాళ్లు ‘ఒకటి రెండు చోట్ల’ అంటారు. మనం నవ్వుకుంటాం కానీ దానికో లెక్క ఉందిరా. ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో పావువంతుకు మించకుండా పడుతుందని దాని అర్థం.

అయిదింటికి రాడార్ బొమ్మ చూశాను. శంకర్‌పల్లి దగ్గర ఎర్రటి ముద్ద, అంటే గట్టి వాన మేఘం, మధ్యలో వడగళ్లుంటాయేమో అన్నంత ముదురు రంగు. తూర్పుకి, అంటే మనవైపుకే వస్తోంది. మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాకి హెచ్చరిక కూడా వచ్చింది. ఉరుములు, మెరుపులు, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురు గాలులు. నేను వెంటనే రంగంలోకి దిగాను. కుర్చీలు వరండాలోకి, వంట పాత్రలు షెడ్డులోకి. మా బావమరిది పళ్లు నూరుతూనే చేయించాడు. మా అత్తగారు మాత్రం ‘అల్లుడు చెబితే చెప్పినట్టే’ అంది. ఆవిడ నన్ను మెచ్చుకున్నది పాతికేళ్లలో అదే మొదటిసారి, రాసిపెట్టుకో.

ఆరింటికి మళ్లీ చూశాను. ఆ ముద్ద లింగంపల్లి దాటకుండానే చెదిరిపోయింది. ఎరుపు పసుపైంది, పసుపు ఆకుపచ్చయింది, ఆరుంపావుకి ఏదో నీలం మరక మిగిలింది. నాకు ఎంత ఆనందం! స్టేజీ ముందు నిలబడి చేయెత్తి ప్రకటించాను, ‘మేఘం చచ్చిపోయింది. ఇక వాన లేదు. అన్నీ బయట పెట్టించండి.’ హెచ్చరిక గడువు ఎనిమిదింటి దాకా ఉందని మా బావమరిది చూపించాడు కూడా. నేనేమన్నానో తెలుసా? ‘రెండు చుక్కలే’ అన్నాను. అనంతగిరిలో గొడుగు తిరగబడే ముందు నువ్వన్న మాట. నోట్లోంచి అదే వచ్చింది, ఏం చేయను!

ఇప్పుడు ఆ వెంట్రుక సంగతి. చచ్చిన మేఘం మరకని పెద్దది చేసి చూస్తుంటే దానికి తూర్పున సన్నటి గీత కనిపించింది. విల్లులా వంగి, సన్నగా, పేలవంగా. వెంట్రుక అనుకున్నానురా. బొటనవేలితో తుడిచాను. పోలేదు. చొక్కా అంచుతో తుడిచాను. అప్పటికీ పోలేదు. స్క్రీన్‌గార్డ్ మీద గీత కాబోలు అనుకున్నాను, నా ఫోన్‌కి గీతలకేం కొదవ.

ఆరూ నలభై అయిదు. కుర్చీలు మళ్లీ వరసల్లో, పాత్రలు బయట, పెళ్లికొడుకు మేనమామకి నేను రాడార్ ఎలా చదవాలో పాఠం చెబుతున్నాను. అప్పుడు షామియానా కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. ఒక చేత్తో తాడు పట్టుకునే ఉన్నాడు.

‘సార్, గాలి తిరిగింది. సల్లగ కొడుతున్నది. గుడ్డ ఇప్పమంటరా?’

‘వాన రాదు బాబూ, చూశాను,’ అన్నాను, ఫోన్ చూపిస్తూ.

‘వాన సంగతి నాకేం ఎరుక సార్. గాలొస్తే గుడ్డ చినుగుతది. గుడ్డ చినిగితే ఓనర్ నా జీతంల కోస్తడు.’

వాడి చేతిలో తాడు తెలుసా, వీణతీగలా మోగుతోంది. నేను దాన్ని చూశాను. చూసి కూడా ‘పది నిమిషాలు ఆగు’ అన్నాను. వాడు నా మాట వినలేదు, అదృష్టం. వంటవైపు గుడ్డ విప్పేశాడు. స్టేజీవైపు విప్పేలోపే వచ్చింది.

ముందు దుమ్ము. తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, ఒరేయ్, షామియానా ఎగిరి నిమ్మకాయ రంగు గాలిపటంలా పక్కింటి వాటర్ ట్యాంక్‌కి చుట్టుకుంది. ఏడు దాటి అయిదు నిమిషాలకి మొదటి చినుకు పడింది, అణా బిళ్లంత. ఆ వెంటనే రాళ్ల వాన. రేగుపండంత రాళ్లు పచ్చిపులుసు గంగాళంలో టప్‌టప్‌మని పడుతుంటే వంటమనిషి మూత కోసం పరుగెత్తకుండా నన్నే చూస్తున్నాడు. కరెంటు అప్పుడే పోయింది. మా అత్తగారు గుమ్మంలో నిలబడి ‘అర్జున ఫల్గుణ’ మొదలుపెట్టింది. కిరీటి దగ్గరికి వచ్చి ఆగి, నావైపు చూసి, మళ్లీ మొదటినుంచి చదివింది.

నేను ఒక్క మంచి పని చేశాను, అది కూడా రాయనీ. పిల్లలు నలుగురు పరుగెత్తి ఆ మూల వేపచెట్టు కిందికి చేరారు. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెడితే మూడు అనేలోపే పేలింది. మూడు సెకన్లంటే కిలోమీటరు. వెళ్లి నలుగురినీ రెక్క పట్టి ఇంట్లోకి లాక్కొచ్చాను. ఒకడు నా చేయి కొరికాడు. గుర్తు ఇంకా ఉంది.

ఉంగరాలు ఎక్కడ మార్చుకున్నారో చెప్పనా? ఎదురు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. ఇటు ఎవరిదో యాక్టివా, అటు తెల్ల కారు, మధ్యలో పీటలు. వాచ్‌మన్ భార్య పరుగున తెచ్చిన చాప. ఫోన్ టార్చీలు పదిహేను పైకెత్తారు. ముహూర్తం తప్పలేదు, 7:20 అంటే 7:20. పెళ్లికూతురు మాత్రం మొత్తం సేపు నవ్వుతూనే ఉంది. పెళ్లికొడుకు తల్లి పట్టుచీర అంచు పిండుకుంటూ, ‘పర్వాలేదు అన్నయ్యగారూ, వాన శుభమే కదా,’ అంది. ఎంత మంచి మనిషో. ఆవిడ అలా అనేసరికి నాకు ఇంకా సిగ్గేసింది. మా మామగారు అనేదేదో సూటిగానే అన్నారు, ‘ఒకటి రెండు చోట్ల అన్నారుగా, ఆ రెంటిలో ఒకటి మనదే.’

రాత్రంతా నిద్ర లేదు. రెండింటికి లేచి దాచుకున్న బొమ్మలన్నీ వరసగా పెట్టి చూశాను, పది నిమిషాలకొకటి. వెంట్రుక కదిలిందిరా! ఒక్కో బొమ్మలో తూర్పుకి జరుగుతూ, కూకట్‌పల్లి, బోయినపల్లి, అల్వాల్. అది గాలి అంచు. మేఘం చచ్చేటప్పుడు దానిలోని వాన పొడిగాలిలో ఆవిరై ఆ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడ్డ గాలి బరువు కదా, ధబేల్మని కిందికి పడుతుంది. మిద్దె మీద బకెట్ నీళ్లు గుమ్మరిస్తే ఎలా పాకుతాయో అలా నేల మీద చుట్టూ పరుచుకుంటుంది. ఆ అంచుకి ముందున్న వేడి, తడి గాలి దాని మీదుగా పైకి ఎగదోయబడుతుంది. అప్పటిదాకా మూత వేసుకుని కూర్చున్న గాలికి ఆ తోపు చాలు. బోయినపల్లి పైన కొత్త మేఘం పుట్టింది, అరగంటలో పెరిగింది, సైనిక్‌పురి మీద కురిసింది. పాత మేఘం చచ్చిందని నేను పండగ చేసుకుంటుంటే అది పోతూ పోతూ పిల్లని కనిపోయింది. గాలి లేపిన దుమ్మూ పురుగులూ తగిలి రాడార్ తరంగాలు కొంచెం వెనక్కి వస్తాయి కాబట్టి ఆ అంచు సన్నగీతలా కనబడుతుందట. పుస్తకంలో చదివాను కూడా. చదివిందాన్ని చొక్కాతో తుడిచాను.

ఇక్కడే నాకు... ఎలా రాయాలో తెలియట్లేదు. నవ్వుతూ రాస్తున్నాను కానీ ఆ టార్చీల వెలుగులో నిలబడి ఉన్నప్పుడు నాకు బాచుపల్లి గుర్తొచ్చింది. 2024 మే 7, ఇలాంటి సాయంత్రమే, కట్టుబడి దగ్గర గోడ కూలి ఏడుగురు పోయారు, అందులో ఒక పసివాడు. మనది షామియానా కాబట్టి కథైంది. చార్మినార్ మీంచి గచ్చు ఊడిపడింది చూడు, 2025 ఏప్రిల్ 3న, ఆ రోజు కింద ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఫొటోలు పంచుకున్నాం. ఆ పదిహేను నిమిషాల్లో ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారన్నదే... సరే, వదిలేయ్.

ట్యాంకర్ సంగతి! మర్చేపోయాను. మర్నాడు పొద్దున చూస్తే జాగాలో నీళ్లు పట్టే స్టీల్ డ్రమ్ము ఒకటి మూత లేకుండా మిగిలింది, వానకి ముందు ఖాళీదే. అడుగు చదునుగా, అంచులు నిలువుగా ఉంది కాబట్టి లోతు కొలిస్తే చాలు, అదే వాన. స్కేలు ముంచాను. 52 మిల్లీమీటర్లు, నలభై నిమిషాల్లో. అదే రాత్రి మల్కాజిగిరిలో నా సీసాలో ఎంతో తెలుసా? ఆరు. నాలుగైదు మైళ్ల తేడా, అంతే. ఒక మిల్లీమీటరంటే చదరపు మీటరుకి లీటరు కదా, ఆ మూడువందల గజాల్లో పడింది పదమూడు వేల లీటర్లు. పొద్దున డబ్బిచ్చి ఒక ట్యాంకర్ కొనుక్కున్నాం, సాయంత్రం రెండున్నర ట్యాంకర్లు ఊరికే వచ్చి మోరీలోకి పోయాయి. ఈ లెక్క మా బావమరిదికి చెప్పబోయాను. మీ వదిన నా కాలు తొక్కింది.

షామియానా గుడ్డ చినిగింది. ఓనర్‌కి ఫోన్ చేసి, తప్పు కుర్రాడిది కాదు, విప్పుతానంటే వద్దన్నది నేనే అని చెప్పి నాలుగు వేలు కట్టాను. కుర్రాడు నిన్న ఫోన్ చేశాడు, ‘సార్, రేపు బోడుప్పల్‌ల ఫంక్షన్ ఉంది, గాలి ఉంటదా?’ అని. వాడు నన్నడుగుతున్నాడురా! నేను ‘నీ తాడు ఏమంటుందో నువ్వే చూడు’ అని చెప్పి, ఫోన్ పెట్టేసి, రాడార్ తెరిచి అరగంట చూశాను. స్క్రీన్‌గార్డ్ మార్పించాను కూడా, నూటయాభై రూపాయలు.

పెళ్లి శ్రావణంలో. మా మామగారు ఒకటే షరతు పెట్టారు, నేను ఫోన్ లేకుండా రావాలని. ఏసీ హాలు బుక్ చేశారు. మొన్నటిదాకా ఏసీ హాలు దండగన్న మనిషే...

ఆటో వచ్చేసింది, వీడు చెప్పులు కూడా వేసుకున్నాడు. ఆవకాయ జాడీ వాడి ఒళ్లోనే పెట్టుకోమన్నాను. తీయగానే చూడు, ముక్క మీద నూనె తేలకపోతే చెల్లెమ్మని ఇంకో గరిటె పోయమను. నాన్నగారి షుగర్ సంగతి రాయనేలేదు నువ్వు. అనంతగిరి ఫొటో దొరికితే పంపు, అందులో నీ గొడుగు తిరగబడి ఉంటుంది చూడు, దాన్ని ఫ్రేము కట్టించి మా మామగారికి... హారన్ కొడుతున్నాడు. ఉంటానురా.

నీ
ద్రోణి సార్