తెగిన పట్టీ, అల్లిన పట్టీ

సంపాదకులకు నమస్కారం.

ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల కొండల్లోని తుంబురు తీర్థం వెళ్లినప్పుడు, కొత్తగా కొన్న నీళ్ల సీసా సంచి పట్టీ కుట్టు దగ్గర పుటుక్కున తెగింది. రాళ్ల దారిలో సీసా చేత్తో పట్టుకుని నడవడం ఎంత నరకమో నడిచినవాళ్లకే తెలుసు.

ఇంటికొచ్చి పారాకార్డ్ తెచ్చాను. ఒకప్పుడు పారాచూట్లకు కట్టిన రకం నైలాన్ తాడు అది. నిలువునా రెండు పోగులు బిగించి, పక్క తాళ్లతో ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి ముడి వేస్తూ పోవాలి. నేను మొదట ఒకే వైపు నుంచి వేశాను, పట్టీ జిలేబీలా మెలితిరిగిపోయింది! విప్పి మళ్లీ అల్లాను. అంగుళం అల్లికకు అడుగు తాడు పడుతుంది. రెండడుగుల పట్టీకి 25 అడుగులు తీసుకుంటే కాస్త మిగిలింది. కొసలు కొవ్వొత్తి మంటకు చూపిస్తే కరిగి అతుక్కుంటాయి, వేళ్లు జాగ్రత్త.

మా తాత నులక మంచం అల్లుతుంటే నాకు తాడు అందించే పని ఉండేది. ఆ బిగింపు ఇప్పుడు పనికొచ్చింది. మీ ఆదివారం పేజీలో ఇలాంటి చేతిపనులకు బొమ్మలతో కాస్త చోటివ్వండి.

ఇట్లు,
ఓ పాఠకుడు, తిరుపతి