మెల్‌బోర్న్ పడమటి శివార్ల మన తెలుగు సంఘం: 2024–25 కార్యదర్శి వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, సభ్యులకు, వారి కుటుంబాలకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. 2024 జూలై 1 నుంచి 2025 జూన్ 30 వరకు సంఘం చేసిన పనులను, తలపెట్టి పూర్తిచేయలేకపోయిన పనులను మీ ముందు ఉంచుతున్నాను. విక్టోరియా రాష్ట్రంలో 2012లో వచ్చిన సంఘాల చట్టం ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన ఐదు నెలలలోపు ఈ సమావేశం జరగాలి. ఆ గడువులోనే జరుపుకుంటున్నాము.

ఏటా నివేదిక పండుగలతో మొదలవుతుంది. ఈసారి జనవరిలో జరిపిన నీటి భద్రతా కార్యక్రమాన్ని ముందు చెప్పడం న్యాయమని కార్యవర్గం అభిప్రాయపడింది. మన సంవత్సరం మొదలైన నెలలోనే, అంటే 2024 జూలైలో, క్వీన్స్‌లాండ్‌లో కెయిర్న్స్ సమీపంలోని మిల్లా మిల్లా జలపాతం వద్ద ఇద్దరు తెలుగు యువకులు నీట మునిగి చనిపోయారు. అదే ఏడాది జనవరి 24న మన రాష్ట్రంలోనే, ఫిలిప్ ఐలండ్‌లోని ఫారెస్ట్ కేవ్స్ తీరంలో, భారతీయ మూలాలున్న ఒకే కుటుంబం వారు నలుగురు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు అక్కడ రక్షకుల గస్తీ లేదు. చదువుకో ఉద్యోగానికో వచ్చిన పిల్లలు మొదటి వేసవి రాగానే సముద్రం చూడాలని ఉత్సాహపడతారు. వారిలో చాలామందికి ఈత రాదు, వచ్చినవారికి చెరువులోనో కాలువలోనో నేర్చుకున్న ఈతే తెలుసు. సంతాప సభ పెట్టి ఊరుకోవడం కన్నా మరొక ఇంట ఆ దుఃఖం రాకుండా మన చేతనైనది చేద్దామని ఆగస్టు సమావేశంలో తీర్మానించాము.

జనవరిలో ఒక ఆదివారం ఉదయం మన శివారు టార్నీట్ నుంచి బస్సు మాట్లాడుకొని టోర్కీ సముద్ర తీరానికి వెళ్ళాము. విద్యార్థులు, కొత్తగా కాపురం పెట్టిన దంపతులు, పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు అందులో ఉన్నారు. శిక్షణ ఇచ్చిన తీర రక్షకురాలు ఎవరినీ వెంటనే నీటిలోకి దిగనివ్వలేదు. అందరినీ కాస్త ఎత్తయిన చోట నిలబెట్టి, దిగవలసి వస్తే ఎక్కడ దిగుతారో వేలితో చూపించమని అడిగింది. ఇంచుమించు అందరూ రెండు వైపులా అలలు విరుగుతుండగా మధ్యలో ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో కనిపించిన నీటినే చూపించారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదేనని, మనిషిని లాక్కుపోయే ప్రవాహం అక్కడే ఉంటుందని ఆమె చెప్పినప్పుడు ఆ గుంపులో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. రక్షకులు గస్తీ కాసే చోట పాతే ఎరుపు పసుపు జెండాల మధ్యనే ఎందుకు దిగాలో ఆ తరువాత విడమరిచి చెప్పవలసిన అవసరం రాలేదు.

కోనసీమ నుంచి కూతురి ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన, చిన్నప్పటి నుంచి కాలువలో ఈదినవారు, ప్రవాహం లాగితే ఎదురీది రాలేమా అని అడిగారు. ఎంతటి ఈతగాడైనా దానికి ఎదురీదితే అలసిపోతాడని, కంగారుపడకుండా వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి సాయం కోరాలని, శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ పట్టీ నుంచి బయటపడాలని శిక్షకురాలు చెప్పింది. మన కార్యకర్త దానిని తెలుగులో చెప్పడం పూర్తిచేయకముందే ఆ పెద్దాయనే కుర్రవాళ్ళ వైపు తిరిగి, “ఎదురీదకండర్రా, తేలండి, చెయ్యెత్తండి” అని గట్టిగా చెప్పారు. ఆయన చెప్పిన తీరు మా కరపత్రాలన్నిటికన్నా బాగా పనిచేసింది. వచ్చే వేసవి కార్యక్రమానికి కూడా ఆయన ఇక్కడే ఉంటే తప్పక రావాలని కార్యవర్గం కోరుతోంది.

మునుగుతున్నవారిని కాపాడబోయి తామూ మునిగిపోయేవారు ఎందరో ఉన్నారు గనుక, ఆ విషయం మీద ఎక్కువ సమయం గడిపారు. నీటిలోకి దూకకుండా ముందు తేలే వస్తువు ఏదైనా విసరాలి. పిల్లల బంతి కావచ్చు, తినుబండారాలు తెచ్చుకున్న చల్లపెట్టె మూత కావచ్చు. మనవాళ్ళు విహారానికి పులిహోర, పెరుగన్నం సర్దుకొని తీసుకువెళ్ళే పెట్టెకు ఇటువంటి ఉపయోగం ఉందని చాలామందికి ఆ రోజే తెలిసింది. తీరాలలో, ఉద్యానవనాలలో ఆకుపచ్చ పలకల మీద మూడు అక్షరాలు, మూడు అంకెలు రాసి ఉంటాయి. అత్యవసర నంబరు 000కు ఫోన్ చేసినప్పుడు ఆ అక్షరాలు, అంకెలు చదివితే మనం ఉన్న చోటు వారికి కచ్చితంగా తెలుస్తుంది. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు భయపడి ఫోన్ పెట్టేయకుండా ముందు “పోలీస్”, “ఫైర్”, “అంబులెన్స్”లలో కావలసినది చెప్పి, తరువాత “తెలుగు” అని చెబితే దుబాసీని కలుపుతారు. ఇంటింటా ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి ఈ వివరాలతో తెలుగులో ఒక కాగితం అచ్చు వేయించాము. ప్రతులు ఈరోజు నమోదు బల్ల దగ్గర ఉన్నాయి, ప్రతి కుటుంబం ఒకటి తీసుకువెళ్ళవలసిందిగా మనవి.

సంఘం పుట్టిన తరువాత చేసిన పనులలో నేను మనస్ఫూర్తిగా గర్వపడేది ఇదే. అందుకే బాధ కూడా దాచుకోలేకపోతున్నాను. పేరు నమోదు చేసుకొని కబురైనా చెప్పకుండా రాని వారి వల్ల బస్సులో సీట్లు ఖాళీగా వెళ్ళాయి, నిరీక్షణ జాబితాలో ఉన్న విద్యార్థులు ఇళ్ళలోనే ఉండిపోయారు. ఖర్చులో కొంత భాగం భరించమని కోరుతూ ఒక ప్రభుత్వ కార్యాలయానికి సెప్టెంబరులోనే దరఖాస్తు పంపితే, వేసవి ముగిసిన తరువాత సమాధానం వచ్చింది. మన వేదికల మీదకు వచ్చి తెలుగువారి సేవలను పొగిడిన ప్రజాప్రతినిధులు ఈ దరఖాస్తు విషయంలో ఒక్క ఉత్తరమైనా రాసి ఉంటే బాగుండేది.

పెద్దల బుధవారం సమావేశాలు టార్నీట్‌లోని జూలియా గిలార్డ్ గ్రంథాలయంలో సాగాయి. సందర్శకుల వీసా మీద వచ్చిన అమ్మానాన్నల పరిస్థితి మనందరికీ తెలిసిందే. కొడుకూ కోడలూ పొద్దున్నే పనికి, మనవలు బడికి వెళ్ళాక సాయంత్రం వరకు మాట్లాడే మనిషి ఉండరు. కారు నడపలేరు, బస్సు ఎక్కాలంటే బెరుకు. ఒకరి ఇంటి నుంచి మరొకరిని కలుపుకుంటూ ఇద్దరు ముగ్గురు సభ్యులు తమ కార్లలో వారిని తీసుకురావడం వల్లనే ఈ సమావేశాలు నిలిచాయి. ఒక మామ్మగారు తొలి రెండు వారాలూ మూల కుర్చీలో కూర్చొని వెళ్ళిపోయారు. మూడో వారం ఎవరో వరంగల్ మాట ఎత్తగానే కుర్చీ దగ్గరకు జరుపుకొని, హన్మకొండలో తమ వీధి గురించి గంటసేపు చెప్పారు. ఇప్పుడు కాఫీ ఫ్లాస్కు తెచ్చే బాధ్యత ఆమెదే.

ఈ సమావేశాలలోనే ఆరోగ్య బీమా గురించి అకౌంటెంటు, నర్సు అయిన ఇద్దరు సభ్యులు వివరించారు. ఊరి నుంచి వచ్చే సందర్శకులకు ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికేర్ వర్తించదు. అంబులెన్సు ఖర్చును మనకే మెడికేర్ భరించదు గనుక తల్లిదండ్రుల బీమాలో అది ఉన్నదీ లేనిదీ పిల్లలు ముందుగానే చూసుకోవాలి. ఊరి నుంచి వచ్చేవారు విమానాశ్రయంలో ఇచ్చే కాగితం మీద పచ్చళ్ళు, పొడులు, విత్తనాలు, పూజా సామగ్రి ఉన్నట్లు తప్పక రాయాలని కూడా మరొకసారి గుర్తుచేస్తున్నాము. ఉన్నది ఉన్నట్లు రాస్తే మహా అయితే ఆ వస్తువు తీసుకుంటారు, దాచిపెడితే జరిమానా పడుతుంది.

2024 అక్టోబరులో బతుకమ్మ, 2025 మార్చి 30న ఉగాది ఘనంగా జరిగాయి. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు గనుక ఆడపడుచులు పెరటి చామంతులు, బంతులు, బాటిల్‌బ్రష్ పూలు తెచ్చి బతుకమ్మలు పేర్చారు. నదిలో వదలకుండా తొట్టెలో నిమజ్జనం చేసి, పూలను తోట వ్యర్థాల డబ్బాలో వేశారు. ఉగాది ఇక్కడ శరత్కాలంలో వస్తుంది గనుక పచ్చడికి ఎండు వేపపువ్వే దిక్కయింది, అయినా రుచి చెడలేదు. వంటశాల బాధ్యత తీసుకున్నవారికి, పంచాంగ శ్రవణం చేసినవారికి, ధ్వని ఏర్పాట్లు చూసిన యువకులకు, ముఖ్యంగా రాత్రి పదిన్నర వరకు ఉండి కుర్చీలు మడిచి హాలు తుడిచిన కుటుంబాలకు సంఘం రుణపడి ఉంది.

శనివారం తెలుగు తరగతి ఈ ఏడాది ఒక దశలో మూతపడే స్థితికి వచ్చింది. పిల్లలు లేక కాదు, పెద్దలు లేక. పిల్లలతో పనిచేసే ప్రతి కార్యకర్తకూ రాష్ట్ర ప్రభుత్వ అనుమతి పత్రం ఉండాలి. కార్యకర్తలకు అది ఉచితం, ఐదేళ్ళు చెల్లుతుంది. వాట్సాప్‌లో మేమున్నామని రాసినవారిలో ఎక్కువమంది ఎన్నిసార్లు గుర్తుచేసినా ఆ దరఖాస్తు పూర్తిచేయలేదు. ఉన్న ఇద్దరు ఉపాధ్యాయురాళ్ళలో ఒకరికి జ్వరం వస్తే మరొకరు రెండు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి గుణింతాలూ, పద్యాలూ కలిపి చెప్పారు. తమ పిల్లలకు తెలుగు రావాలని కోరే తల్లిదండ్రులు వంతుల వారీగా నెలకు ఒక శనివారం ఇస్తే ఈ కష్టం ఉండదు. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

స్థానిక సమస్యలలో సభ్యులు ఎక్కువగా మాట్లాడేది రైలు గురించే. 2015 జూన్‌లో టార్నీట్, విండమ్ వేల్ స్టేషన్లు మొదలైనప్పుడు చుట్టూ ఖాళీ పొలాలుండేవి. ఇప్పుడు ఇళ్ళు నిండిపోయాయి, జీలాంగ్ మార్గంలో వచ్చే డీజిల్ రైళ్ళే దిక్కు. 2024 డిసెంబరు నుంచి శని, ఆదివారాలలో ఇరవై నిమిషాలకు ఒక రైలు రావడం నిజంగా మేలు చేసింది, దానికి ప్రభుత్వానికి కృతజ్ఞతలు. టార్నీట్ వెస్ట్ స్టేషన్ పనులు నడుస్తున్నాయి. అయితే ఉదయం వేళ కిక్కిరిసిన బోగీలో నగరంలోని సదరన్ క్రాస్ స్టేషన్ వరకు నిలబడి వెళ్ళే గర్భిణులు, స్టేషన్ దగ్గర కారు నిలపడానికి చోటు దొరక్క ఆలస్యమయ్యే ఉద్యోగులు మనలో ఎందరో ఉన్నారు. ఈ మార్గానికి విద్యుత్ రైళ్ళు కావాలని కోరుతూ ఇతర భాషా సంఘాలతో కలిసి వినతిపత్రం పంపాము. అందినట్లు జవాబు వచ్చింది గాని అంతకు మించి ఏమీ లేదు.

వచ్చే ఏడాది మన ముందున్న ముఖ్యమైన పని 2026 ఆగస్టులో జరగబోయే జనాభా లెక్కలు. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2016 లెక్కల్లో ఆస్ట్రేలియా మొత్తం మీద 34 వేల పైచిలుకు ఉండగా 2021 నాటికి 59 వేలు దాటారు. గ్రంథాలయాలకు పుస్తకాలు, ఆసుపత్రులకు దుబాసీలు, భాషా తరగతులకు నిధులు కోరినప్పుడు అధికారులు ముందుగా చూసేది ఈ అంకెలనే. ఇంట్లో ఇంగ్లీషు కూడా మాట్లాడతాం కదా అని కొందరు ఇంగ్లీషుతో సరిపెట్టేస్తున్నారు. దయచేసి పిల్లల పేర్ల ఎదురుగా కూడా తెలుగు అనే రాయండి. తల్లిదండ్రులు జనాభా లెక్కల రాత్రి మీ ఇంట్లో ఉంటే వారి వివరాలూ అందులో నింపాలి.

జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతపరిచాము. కోశాధికారి ప్రతి చెల్లింపుకూ రసీదు చూపించారు, కార్యవర్గంలో లేని అకౌంటెంటు సరిచూశారు. బీమా ప్రీమియం, హాలు అద్దె పెరిగాయి, సభ్యత్వ రుసుము పెంచలేదు. ఉగాది తరువాత పిల్లలు ఏరిన ఖాళీ సీసాలు, డబ్బాలకు ఒక్కొక్కదానికి 10 సెంట్లు వచ్చే పథకం కింద జమ అయిన సొమ్మును తెలుగు తరగతి పుస్తకాలకు వాడాము. మిగిలిన ప్రశ్నలకు కోశాధికారి సమాధానం చెబుతారు.

అధ్యక్షులకు, ఉపాధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, బుధవారం కార్లు నడిపినవారికి, శనివారం ఉపాధ్యాయురాళ్ళకు, గ్రంథాలయ సిబ్బందికి, టోర్కీలో సెలవు రోజున మన కోసం గడిపిన తీర రక్షకులకు, భోజనాలకు సరుకులు తగ్గింపు ధరకు ఇచ్చిన దుకాణదారులకు పేరుపేరునా ధన్యవాదాలు. వచ్చే కార్యవర్గంలో సహాయ కార్యదర్శి, యువజన ప్రతినిధి, నీటి భద్రతా కార్యక్రమ సమన్వయకర్త స్థానాలకు ఇంతవరకు ఒక్క నామినేషన్ కూడా రాలేదు. పత్రాలు నమోదు బల్ల దగ్గర ఉన్నాయి, ఎన్నికల అంశం మొదలయ్యే లోపు నింపి ఇవ్వవచ్చు. సమన్వయకర్త దొరికితే ఈ వేసవికి కూడా బస్సు మాట్లాడతాము.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి