జానీ వాకర్, ఉప్పునీటి రేడియో

సంపాదకులకు,

బ్రిటిష్ రేడియో వ్యాఖ్యాత జానీ వాకర్‌పై మీ వ్యాసంలో బీబీసీ కొలువే ఎక్కువగా కనిపించింది. 2024 అక్టోబరులో మైకు వదిలి, డిసెంబరు 31న కన్నుమూసిన ఆ వ్యాఖ్యాత 1966లో మొదలైంది ఓడల మీద నుంచి అనుమతి లేకుండా ప్రసారం చేసే స్టేషన్లలో: స్వింగింగ్ రేడియో ఇంగ్లండ్, ఆపై రేడియో కరోలైన్.

బ్రిటన్ జలాల హద్దు అప్పట్లో 3 మైళ్లే. బ్రిటన్ చట్టానికి అందకుండా దాని అవతల లంగరు వేసేవారు. అసలు తంటా ఏరియల్‌తో. మీడియం వేవ్‌లో 250 మీటర్ల తరంగానికి పావు వంతు స్తంభం కావాలంటే 62 మీటర్లు. అదీ ఊగే ఓడపై. చుట్టూ సముద్రం కాబట్టి ఎర్తింగ్‌కు లోటుండదు. కానీ ఆ ఉప్పే ఇన్సులేటర్లపై పేరుకుంటే నిప్పురవ్వలు లేచి ప్రసారం ఆగుతుంది. అలలకు రికార్డు ప్లేయర్ ముల్లు గాడి తప్పకుండా, దాన్ని మోసే టోన్ఆర్మ్‌పై నాణెం పెట్టేవారు. రికార్డు త్వరగా అరిగేది, అది వేరే సంగతి.

1967 ఆగస్టు చట్టం ఓడల్ని పట్టుకోలేదు. బ్రిటిష్ పౌరులు అక్కడ పనిచేయడం, సరుకులు పంపడం, ప్రకటనలివ్వడం నేరమంది. తెలివైన దెబ్బే! వాకర్ అయినా కదల్లేదు. చివరికి కరోలైన్‌ను ఆపింది పోలీసులు కాదు: 1968 మార్చిలో, సరుకులు చేరవేసే డచ్ సంస్థ బాకీల కింద కరోలైన్‌కున్న రెండు ఓడలనూ లాక్కెళ్లింది. మరుసటి ఏడాదే ఆయన బీబీసీ రేడియో 1లో చేరారు.

— ఒక పాఠకుడు, విజయవాడ