డి డ్రైవ్‌లో ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు

సంపాదకులకు,

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాక మా ఊళ్లో సర్వీసు షాపులకు చేతినిండా పని. కొత్త విండోస్ వేయించుకోవడానికి సీపీయూ మోసుకొచ్చేవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "సి ఫార్మాట్ కొట్టేయండి, నా డేటా అంతా డిలో ఉంది." తణుకులో డీటీపీ సెంటరు నడుపుకుంటున్నవాడిని. ఈ ధీమా చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

చాలా కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్కులో ఉంటాయి, ఒకే బీరువాలో రెండు అరల్లాగా. డిస్కు పోతే రెండూ పోతాయి. పాత హార్డ్ డిస్కయితే పోయే ముందు టక్‌టక్‌మని చప్పుడు చేసి కాస్త ముందే చెప్పేది. ఎస్‌ఎస్‌డీలకు (చిప్‌లతో పనిచేసే కొత్తరకం డిస్కులకు) చాలాసార్లు ఆ మర్యాద కూడా ఉండదు. రాత్రి పనిచేసింది పొద్దునకల్లా బయోస్‌లోనే (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగుల తెరలోనే) కనపడదు.

డిస్కు బాగున్నా గండం తప్పదు. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పార్టిషన్ల (డిస్కులో చేసిన భాగాల) తెర ఒకటి వస్తుంది. అందులో సి, డి అనే అక్షరాలు ఉండవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2, పార్టిషన్ 3 అని మాత్రమే ఉంటుంది. పక్కన సైజు చూసి పోల్చుకోవాలి. రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే ఇక దేవుడే దిక్కు. మా బజారులో ఒక షాపు మిషన్‌కు మాఘమాసం పెళ్లిళ్ల రద్దీలో ఇదే జరిగింది. మెకానిక్ కుర్రాడు పార్టిషన్లన్నీ డిలీట్ చేసి, మొత్తం ఒకటే డ్రైవ్‌గా చేసి, "ఇప్పుడు మంచి స్పీడు వస్తుందండీ" అని సంతోషంగా అప్పజెప్పాడు. ఏళ్ల తరబడి దాచుకున్న శుభలేఖల మేటరు, ఓటర్ల స్లిప్పులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు అన్నీ ఆ స్పీడులోనే పోయాయి. కనీసం డ్రైవ్‌కు "డేటా" అని పేరు పెట్టి ఉంటే ఆ తెరలో పార్టిషన్ నంబరు పక్కన ఆ పేరు కనపడేది. దానికి పైసా ఖర్చు లేదు.

మాలాంటి వాళ్లకు డితో పాటు సి కూడా ప్రాణమే. మేం పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దాని సీడీ ఇప్పుడు ఎవరి దగ్గరుంది? ఉన్నా సీడీ డ్రైవ్ ఏది? తెలుగు టైపుకు వాడే అను ఫాంట్లు, పాత ప్రింటర్ డ్రైవరు, కీబోర్డు సెట్టింగులు అన్నీ సిలోనే ఉంటాయి. అవి పోయాక ఫైలు చేతిలో ఉన్నా అందులో తెలుగు ఉండదు, అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గుంపు ఉంటుంది. అందుకే ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలదు, సిస్టమ్ నడుస్తున్నది నడుస్తున్నట్టుగా ఇమేజ్, అంటే మొత్తానికి నకలు, తీసి పెట్టుకోవాలి.

దీనికి నేను వాడేది క్లోన్‌జిల్లా. తైవాన్ వాళ్లు తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్, పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అవుతుంది. డిస్కులో వాడిన చోటును మాత్రమే కాపీ చేసి కుదిస్తుంది కాబట్టి ఇమేజ్ డిస్కంత పెద్దది కాదు. సి ఒక్కటే కాకుండా మొత్తం డిస్కు ఇమేజ్ తీయడం మంచిది. కొత్త మిషన్లలో బూట్ కోసం (విండోస్ మొదలవడానికి) ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్ విడిగా ఉంటుంది. అది లేకుండా సి ఒక్కదాన్నే కొత్త డిస్కు మీద పెడితే విండోస్ లేవదు. 500 జీబీ డిస్కు ఇమేజ్‌ను 256 జీబీ ఎస్‌ఎస్‌డీ మీదికి మామూలు పద్ధతిలో రిస్టోర్ చేయలేం (తిరిగి ఎక్కించలేం), లోపల ఉన్నది 60 జీబీయే అయినా సరే. ఇక్కడా డిస్కులకు సి, డి అని ఉండదు, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు ఉంటాయి. రిస్టోర్ చేసే ముందు క్లోన్‌జిల్లా రెండుసార్లు అడుగుతుంది. రెండుసార్లూ చదవకుండా వై (అవును) కొట్టేవాళ్లను చూశాను.

ఇమేజ్‌ను బయటి డిస్కులో పెట్టి, పనయ్యాక కేబుల్ పీకేయాలి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినరోజు అదీ లాక్ అవుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. మదర్‌బోర్డు మార్చినా ఆ కీ అడుగుతుంది.

తీసిన ఇమేజ్ పనికొస్తుందో లేదో కూడా చూసుకోవాలి. నేను పాత డిస్కు ఒకటి తగిలించి దాని మీద రిస్టోర్ చేస్తాను. పేజ్‌మేకర్‌లో ఏదో ఒక పాత శుభలేఖ తెరిచి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తాను. ఒక ప్రింటు కూడా తీస్తాను.

సర్వీసు షాపుల వాళ్లకు నా మనవి: ఫార్మాట్ కొట్టే ముందు కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టి, ఏ పార్టిషన్ తీసేస్తున్నారో తెర మీద చూపించి, రసీదు మీద సంతకం పెట్టించుకోండి. ఇమేజ్ తీయడానికి గంటో రెండు గంటలో పడుతుంది కాబట్టి దానికి విడిగా చార్జీ తీసుకోండి. బేరమాడే కస్టమర్లూ, ఈ ఒక్కచోట మాత్రం ఆడకండి.

- ఒక డీటీపీ ఆపరేటర్, తణుకు