కళ తీరుబడి వేళల వ్యవహారం కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఒక వర్ణచిత్రం వేలంలో రికార్డు ధర పలికిందంటే చాలు, పత్రికలన్నీ ఆ వార్తను ప్రముఖంగా వేస్తాయి. 2017 నవంబరులో న్యూయార్క్‌లో లియొనార్డో డావిన్సీ గీసినదిగా చెప్పే చిత్రమొకటి 45 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయినప్పుడు ఆ అంకె ప్రపంచమంతా మార్మోగింది. ఆ చిత్రంలో ఏముందో, అది అచ్చంగా డావిన్సీ చేతి పనేనా అన్న విషయంలో పండితులు ఎందుకు ఏకాభిప్రాయానికి రాలేకపోతున్నారో చదివి తెలుసుకున్నవారు మాత్రం బహు కొద్దిమంది. కళ విలువ ఏమిటని అడిగితే మనకు సాధారణంగా వినిపించే జవాబులు రెండే: ఒకటి దాని ధర, రెండోది అది పంచే కాలక్షేపం. రెండింటి వెనుకా ఉన్న నమ్మకం ఒక్కటే. కడుపు నిండాక, పనులన్నీ తెమిలాక, ఇంకా తీరుబడి మిగిలితే అప్పుడు కళ అని. పాఠశాలల్లో 30 ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి విరమించిన నేను ఈ నమ్మకాన్ని రోజూ ఎదుర్కొన్నవాణ్ణి. అది పొరపాటని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

1943 నాటి బెంగాల్ కరువులో 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ రోజుల్లో జైనుల్ ఆబెదీన్ అనే యువ చిత్రకారుడు, అప్పటికి 30 ఏళ్లు కూడా నిండనివాడు, కలకత్తా వీధుల్లో తిరుగుతూ ఆకలితో పడిపోయిన మనుషులను చూసి చూసినట్టుగా గీశాడు. సరుకులు చుట్టే చవక రకం ముతక కాగితం, నల్ల సిరా, కుంచె, ఇవే ఆయన సామగ్రి. ఆ బొమ్మల ముద్రణలను నేను చాలాసార్లు దగ్గర పెట్టుకుని చూశాను. వాటిలో చాలావాటికి వెనుక వీధి ఉండదు, ఇళ్లుండవు, ఖాళీ కాగితమే ఉంటుంది. ఆ ఖాళీలో వంగిన ఒక వెన్ను, బయటికి పొడుచుకొచ్చిన పక్కటెముకలు, చెత్తకుండీ దగ్గర మనుషులూ కాకులూ. వీపును గీసిన ఆ లావుపాటి గీత ఎక్కడా తడబడదు, ఎక్కడా అలంకారానికి పోదు. చనిపోయినవారు 20 లక్షలా, 30 లక్షలా అన్నది ఇప్పటికీ వివాదమే. అంటే ఆ రెండు అంకెల నడుమ 10 లక్షల మంది ఉన్నారో లేరో కూడా లెక్కలు తేల్చలేకపోయాయి. ఆ లెక్కల్లో ఎవరికీ ముఖం లేదు. ముఖం ఆ ముతక కాగితం మీదే మిగిలింది.

అదే ఏడాది బెంగాల్‌లోని మిడ్నపూర్ ప్రాంతంలో కాలినడకన తిరిగి చిత్తప్రసాద్ అనే మరో చిత్రకారుడు గీసిన కరువు చిత్రాలు పుస్తకంగా వస్తే, బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రతులను జప్తు చేసి తగలబెట్టింది. అవి వట్టి కాలక్షేపపు బొమ్మలే అయితే ఒక సామ్రాజ్యానికి వాటిని వెతికి పట్టుకుని కాల్చవలసిన పని ఏముంటుంది?

ఇంకొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. నేటి చెక్ రిపబ్లిక్‌లోని టెరెజిన్ అనే పట్టణాన్ని నాజీలు యూదుల నిర్బంధ శిబిరంగా మార్చారు. 1942 డిసెంబరులో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణిని అక్కడికి తరలించారు. మనిషికి 50 కిలోల సామాను మాత్రమే అనుమతి. తిరిగి వస్తామో లేదో తెలియని ప్రయాణానికి ఆమె కాగితాలు, రంగులు సర్దుకుంది. శిబిరంలోని పిల్లలను కూర్చోబెట్టి బొమ్మలు నేర్పింది. కాగితం చాలకపోతే వాడిపడేసిన ఫారాల వెనుకవైపు గీయించింది. ప్రతి బొమ్మ మీదా గీసినవారి పేరు రాయించడం ఆమె పెట్టుకున్న నియమం. మనుషులను జాబితాలుగా, రవాణా సంఖ్యలుగా మార్చేసిన చోట ఒక పిల్ల తన బొమ్మ కింద తన పేరు తాను రాసుకోవడమంటే ఏమిటో నా వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరానికి పంపి చంపేశారు. రెండు సూట్‌కేసుల్లో దాచిన దాదాపు 4,500 బొమ్మలు మాత్రం దక్కాయి, ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిని గీసిన పిల్లల్లో ఎక్కువమంది బతికి బయటపడలేదు.

కళ అయినదల్లా మంచిదేనని నేను అనడం లేదు. అదే టెరెజిన్‌కు 1944 జూన్‌లో రెడ్‌క్రాస్ ప్రతినిధులు వస్తే నాజీలు గోడలకు రంగులు వేయించి, సంగీత కార్యక్రమాలు ఏర్పాటు చేసి, ఆ తర్వాత అదొక ఆనందధామమన్నట్టు సినిమా కూడా తీయించారు. కళను అబద్ధానికి వాడుకోవచ్చు, వాడుకుంటూనే ఉన్నారు. కనుకనే బొమ్మను చదవడం, పాటను తూచడం, దేన్ని ఎవరు ఎందుకు చూపిస్తున్నారో పసిగట్టడం ప్రతి పౌరుడికీ చిన్ననాడే అలవడాలి. ఆ అలవాటు ఎక్కడ పడాలో చెప్పడానికి మళ్లీ బడికే రావలసి ఉంది.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో పరీక్షలు దగ్గర పడితే చాలు, “మాస్టారూ, మీ పీరియడ్ కాస్త మాకిస్తారా, సిలబస్ పూర్తికాలేదు” అని ఎవరో ఒకరు అడిగేవారు. నేను ఇచ్చేవాణ్ణి. అలా ఇచ్చిన ప్రతి పీరియడ్‌కూ ఈనాడు బాధపడుతున్నాను. ఇవ్వకుండా నిలుపుకున్న పీరియడ్లలో ఏం జరిగేదో చెబుతాను. చెట్టు గీయమంటే పిల్లలందరూ ఒకే చెట్టు గీసేవారు: గోధుమరంగు కర్ర, దాని మీద ఆకుపచ్చ గుండ్రం. అప్పుడు వాళ్లను ఆవరణలోకి తీసుకెళ్లి, పెన్సిలు ముట్టుకోకుండా 10 నిమిషాలు ఒక్క చెట్టునే చూడమనేవాణ్ణి. మొదట గునిసేవారు, నవ్వుకునేవారు. తర్వాత ఒకడు కాండం గోధుమరంగులో లేదని, బూడిదరంగులో ఉందని కనిపెట్టేవాడు. ఇంకొక అమ్మాయి ఆకుల సందుల్లోంచి ఆకాశం ముక్కలుముక్కలుగా కనిపిస్తోందని, ఆ ముక్కలనూ గీయాలా అని అడిగేది. తెలుసుననుకున్న దానిని తెలియదని ఒప్పుకుని మళ్లీ చూడటం వాళ్లు అక్కడ నేర్చుకున్నారు. ఏ ఇతర పీరియడ్‌లోనూ అది అంత నేరుగా, అంత తక్కువ ఖర్చుతో జరగడం నేను చూడలేదు.

కష్టకాలంలోనూ కళ దానంతటదే పుడుతుందని మీరే అంటున్నారు కదా, మరి దానికి ప్రత్యేకంగా చోటెందుకు అని కొందరు అడగవచ్చు. టెరెజిన్ పిల్లలకు కళ దానంతటదే రాలేదు. తన సామానులో చోటు చేసి కాగితం మోసుకొచ్చిన మనిషి ఒకరున్నారు. సమాజం కళ కోసం చేయవలసిందీ దాదాపు అంతే: కాగితం, కొంత సమయం, నేర్పే మనిషి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 27వ అధికరణం కళలను ఆస్వాదించే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని స్పష్టంగా చెబుతోంది. కళలు ఆరోగ్యానికి మేలు చేస్తాయని 3,000కు పైగా అధ్యయనాల ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో నివేదిక ఇచ్చింది. సంతోషమే కానీ, కళను మందుసీసాలా సమర్థించుకోవలసిన అవసరం ఉందని నేను అనుకోను.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. వారానికి ఒక్కసారి అర పేజీ కళకు కేటాయించండి. వేలం ధరలు, అవార్డుల జాబితాలు, ప్రారంభోత్సవాల ఫొటోలు అందులో వద్దు. ఒకే ఒక్క చిత్రాన్నో, శిల్పాన్నో పాఠకుడికి కనిపించేంత పెద్దదిగా అచ్చువేసి, అందులో ఏముందో, ఎలా చేశారో, ఏ పరిస్థితుల్లో చేశారో తెలిసినవారి చేత రాయించండి. అలాంటి అర పేజీని కత్తిరించి తరగతి గోడకు అతికించే మాస్టార్లు ఇంకా ఉన్నారు.

భవదీయుడు,
మీ పత్రిక చిరకాల పాఠకుడు, విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు