పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి: కుక్కల క్యాన్సర్ వైద్యం మా డెల్టాలో కూడా పెట్టించండి

మంత్రిగారికి నమస్కారం అండి.

మాది రాజోలు పక్కన పల్లెటూరు. మా బుల్లోడి గురించి రాస్తున్నాను. బుల్లోడంటే మా ఇంటి కుక్క, నాటు కుక్కే, కొబ్బరితోటలో దొరికిన పిల్లని మా అమ్మ పాలు పోసి పెంచింది. వాడికి లింఫోమా అని క్యాన్సర్ వచ్చింది. దవడల కింద, వెనక కాళ్ల మోకాళ్ల దగ్గర బిళ్ళలు కట్టాయి, ముట్టుకుంటే నొప్పి కూడా లేదు వాడికి, సూదితో నీరు తీసి టెస్టుకి పంపిస్తే బయటపడింది.

వైద్యం చేయించకపోతే ఈ జబ్బుతో కుక్క ఒకటి రెండు నెలలకి మించి బతకడం కష్టం అన్నారు. వింక్రిస్టిన్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందులు వంతులవారీగా ఇస్తూ, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు కూడా వేస్తే చాలా కుక్కలు సుమారు ఏడాది బతుకుతాయి, అది కూడా మూలన పడి కాదండి, తింటూ తిరుగుతూ. మనుషులకి ఇచ్చినంత గట్టి డోసు కుక్కలకి ఇవ్వరు, వెంట్రుకలు కూడా చాలా కుక్కలకి పెద్దగా ఊడవు. పూర్తిగా నయమవ్వడం అరుదని తెలిసే మొదలుపెట్టాం.

మాకు మందు కష్టం కాదండి, దూరం కష్టం. ఈ కోర్సు నాలుగైదు నెలలు నడుస్తుంది, మొదట్లో వారం వారం ఇంజక్షన్. ఇంత వైద్యం తెలిసిన పెద్ద ఆస్పత్రి మాకు అందుబాటులో ఉన్నది విజయవాడ దగ్గర గన్నవరం వెటర్నరీ కాలేజీలోనే, చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు, భీమవరం, ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా వంద కిలోమీటర్ల పైనే కారు మాట్లాడుకుని వెళ్ళాలి, పోను రాను రోజంతా అయిపోద్ది, కడుపులో తిప్పుతున్న కుక్కని ఒళ్ళో పెట్టుకుని. నాకు కారు మాట్లాడుకునే స్తోమత ఉంది కాబట్టి తీసుకెళ్తున్నాను, కూలికెళ్ళే ఇంట్లో కుక్కకి ఇదే జబ్బు వస్తే వాళ్ళకి దారేంటండి? వరదలొస్తే ఇంకోటి. గోదావరి పెరిగిందంటే కనకాయలంక కాజ్‌వే మునిగిపోద్ది, లంక ఊళ్ళ వాళ్ళు పడవల మీదే, ఆ వారం ఇంజక్షన్ సంగతి మర్చిపోవడమే.

పోనీ దగ్గర్లో ఎవరో ఒకరితో వేయించుకోండి అంటారా, ఈ ఇంజక్షన్ అలా వేసేది కాదండి. వింక్రిస్టిన్ సరిగ్గా నరంలోకే వెళ్ళాలి, చర్మం కిందకి చుక్క జారినా అక్కడ కండ కుళ్ళి పుండు పడుద్ది. వేసే ముందు ప్రతిసారీ రక్తంలో తెల్లకణాలు ఎన్నున్నాయో చూడాలి, ఇంజక్షన్ తర్వాత వారానికి అవి బాగా పడిపోతాయి, తక్కువుంటే ఆ వారం ఆపాలి. మా దగ్గర మనుషుల ల్యాబులు ఉన్నాయి, కానీ వాటి మిషన్లు మనిషి రక్తానికి సెట్ చేసినవి, కుక్క ప్లేట్‌లెట్లు అందులో తప్పు చూపిస్తాయి. పైగా మన కోస్తాలో గోమార్ల (పిడుదుల) జ్వరం ఎక్కువ, దానికీ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అది జ్వరం వల్లా మందు వల్లా అని తేల్చాలంటే స్లైడు మీద రక్తం చూడగలిగిన డాక్టరు ఉండాలి.

ఇంట్లో చూసుకోవడం మాత్రం మేం నేర్చుకున్నాం అండి. ప్రెడ్నిసోలోన్ వేసినప్పుడు వాడు బిందెడు నీళ్ళు తాగేస్తాడు, రాత్రి ఎన్నిసార్లు తలుపు గీకినా అమ్మ లేచి బయటికి తీసుకెళ్తుంది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇంజక్షన్ వేసిన రెండు మూడు రోజులు వాడి ఉచ్చ, వాంతి గ్లోవ్స్ వేసుకునే శుభ్రం చేస్తాం, మా అన్నయ్య పిల్లల్ని అటు రానివ్వం, మందు అందులోంచి బయటికొస్తుంది కాబట్టి. ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా పెడతాం. జ్వరం వస్తే ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ఇచ్చెయ్యకూడదని, డాక్టరుకి ఫోన్ చెయ్యాలని ఊళ్ళో కుక్కలున్న అందరికీ చెప్తున్నాను.

ఇంకో విషయం అండి, ఈ వింక్రిస్టిన్ వచ్చింది బిళ్ళగన్నేరు మొక్క నుంచి. మా ఊళ్ళో ప్రతి పెరట్లోనూ పూస్తుంది అది. ఖరీదైన మందు కూడా కాదు, మనుషులకి తప్పనిసరిగా అందుబాటులో ఉండాల్సిన మందుల లిస్టులో ఎప్పట్నుంచో ఉన్నదే. వీధికుక్కల్లో కలయిక వల్ల ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే గడ్డ ఒకటుంది, రక్తం కారుతూ తిరుగుతుంటాయి, చూసే ఉంటారు. అదీ క్యాన్సరే, వారానికోసారి ఈ ఒక్క మందే కొన్ని వారాలు ఇస్తే చాలా కుక్కలకి పూర్తిగా పోతుంది. నయమయ్యే జబ్బుతో అవి రోడ్ల మీద ఏళ్ళ తరబడి కుళ్ళిపోవడం చూడలేకపోతున్నానండి.

గేదెలకే మందులు చాలట్లేదు, కుక్కకి క్యాన్సర్ వైద్యం ఏంటండీ అని ఒక ఆస్పత్రిలో నా మొహం మీదే అన్నారు. గేదెల మందు తగ్గించి మా కుక్కలకి పెట్టమని నేను అడగట్లేదు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేస్తే గేదె కోసం బండి ఇంటి ముందుకే వస్తుంది, అది చాలా మంచి పని, మా వీధిలోనే ఈనలేక అల్లాడుతున్న గేదె దానివల్ల బతికింది. అంత చేసిన శాఖకి ఇది పెద్ద పని కాదనే నా నమ్మకం.

నేను అడిగేది ఇదండి. అమలాపురంలో గానీ భీమవరంలో గానీ ప్రభుత్వ పశువుల ఆస్పత్రిలో వారానికి ఒక రోజు క్యాన్సర్ ఓపీ పెట్టించండి. ఈ ఇంజక్షన్లలో ట్రైనింగ్ తీసుకున్న ఒక డాక్టరు, రక్తకణాలు లెక్కపెట్టే, జంతువుల రక్తానికి సెట్ చేసిన ఒక సీబీసీ మిషను, వింక్రిస్టిన్ స్టాకు, వాడేసిన సూదులు, గ్లోవ్స్ జాగ్రత్తగా పారేసే ఏర్పాటు. మొదటి ప్లాన్ గన్నవరం డాక్టర్లు వేసిస్తే మిగతా వారాలు ఇక్కడే నడిపించొచ్చు, డాక్సోరూబిసిన్ లాంటి గట్టి మందు రోజున అక్కడికెళ్తాం, దానికి ఏం బాధలేదు. ఆడకుక్కలకి మొదటిసారి ఎదకి రాకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుద్ది, ఆ సంగతి కూడా అదే ఓపీలో చెప్పించండి, ఊళ్ళలో చాలామందికి తెలీదు.

మిషను కొనడానికి టైము పడుద్దంటే ఈలోపు సాంపిల్ ఇక్కడ తీసి గన్నవరం పంపించి, రిపోర్టు ఫోనులో వచ్చేలా చేయించినా మాకు సగం బాధ తీరుద్ది. అది ఈ వర్షాకాలం లోపు మొదలవ్వాలండి, ముందు ఏ ఊళ్ళో పెట్టించినా మేం వస్తాం.

ఇట్లు,
బుల్లోడి ఇంటివాళ్ళు,
రాజోలు దగ్గర్నుంచి