పేరు తెలియని ఆ అన్నకు వందనాలు

అన్నా, ఆ రోజు మీ పేరు అడిగే స్థితిలో నేను లేను. ఎవరైనా ఇది చదివి మీకు చెబుతారేమోనని రాస్తున్నాను.

మా సంఘం నుంచి ఆరుగురం పది రోజుల పరిచర్యకు ఆ కొండ ఊళ్లకు వచ్చాం. బండి దిగాక రెండు రోజుల నడక. రెండో సాయంత్రం నాకు తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. అలసట అనుకున్నాం. మావాళ్లు ప్రార్థన చేసి, పొద్దున్నే మళ్లీ ఎక్కుదామన్నారు. మీరు మాత్రం నేల మీద కర్రతో గీత గీసి, ఒక కాలి వేళ్లకు మరో కాలి మడమ ఆనిస్తూ దాని మీద నడవమని సైగ చేశారు. మూడో అడుగుకే తూలిపోయాను. మీరు ఇంకేం ఆలోచించలేదు, కిందికి దిగాల్సిందేనని చెయ్యి చూపించారు.

చీకట్లో నన్ను వీపున మోశారు. ప్రతి రాయినీ ముందు కాలితో తడిమి చూసి, కదలదని తెలిశాకే బరువు మోపేవారు. ఆ ఓర్పు నాకింకా గుర్తుంది. కొన్ని వందల మీటర్లు దిగేసరికి ఊపిరి తేలికైంది.

సుమారు 2,500 మీటర్ల ఎత్తు దాటాక ఎవరికైనా ఇలా రావచ్చని, నడక తూలిందంటే మెదడు వాపు మొదలైనట్టేనని డాక్టరు తర్వాత చెప్పారు. ఆ రాత్రి అక్కడే పడుకుని ఉంటే ప్రాణానికే ప్రమాదమట. ప్రభువే మిమ్మల్ని పంపాడని నేను మనసారా నమ్ముతున్నాను.

మీరు కప్పిన శాలువా నా దగ్గరే ఉండిపోయింది. ఉతికి దాచాను. మళ్లీ వచ్చినప్పుడు నేనే తెచ్చిస్తాను అన్నా.